ప్రాణము – ఆరోగ్యము: ఐర్లండు గర్భస్రావ నిషేధ చరిత్రలో రెండు మాటల కథ

2012 అక్టోబరు 28వ తేదీ తెల్లవారుజామున, ఐర్లండు దేశపు పడమటి తీరాన గల గాల్వే నగరంలోని విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో సవితా హలప్పనవర్ అనే 31 ఏళ్ళ దంతవైద్యురాలు కన్నుమూశారు. కుటుంబం కర్ణాటకలోని బెళగావికి చెందినది. ఆసుపత్రిలో చేరేనాటికి ఆమె 17 వారాల గర్భిణి. ఆమెకు కావలసిన గర్భమది. బిడ్డ కోసం ఎదురుచూస్తున్న ఇల్లాలు ఆమె. ఆ నవంబరులో ఈ వార్త ప్రపంచమంతటా పాకినప్పుడు మన దినపత్రికలు కూడా మొదటి పుటలో ప్రచురించాయి. "గర్భస్రావం మీద నిషేధముంటే, గర్భం నిలుపుకోవాలనుకున్న స్త్రీ ఎందుకు చనిపోవాలి?" అని అప్పట్లో చాలామంది అడిగారు. చాలా సమంజసమైన ప్రశ్న. దానికి జవాబు ఒక్క ఆసుపత్రి గోడల మధ్య దొరకదు. నూట యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళి, కొన్ని చట్టవాక్యాలను పదం పదం చదవాలి. జీవితమంతా పిల్లలకు పదాలకు అర్థాలు చెప్పి బతికినవాడిని కనుక నాకు ఆ పని మీద మక్కువ కలిగింది. ఆ చదువు ఫలితమే ఈ వ్యాసం.

గర్భస్రావం ధర్మమా, అధర్మమా అన్న చర్చలోకి నేను వెళ్ళడం లేదు. ఆ విషయంలో చదువరులకు ఎవరి విశ్వాసం వారికి ఉంటుంది. ఒక నిషేధం తాను ఉద్దేశించని చోటికి, అంటే కోరుకున్న గర్భాన్ని కోల్పోతున్న తల్లి మంచం దగ్గరికి, ఎలా చేరుతుందన్నది మాత్రమే ఇక్కడ విచార్యాంశం.

ముందుగా పేర్ల సంగతి చూద్దాం. మన భాషలో "కడుపు పోయింది" అనడానికీ, "కడుపు తీయించుకుంది" అనడానికీ ఎంతో దూరముంది. మొదటిది విధి, రెండవది నిర్ణయం. సుశ్రుతుడు కూడా నాలుగవ మాసం వరకు జరిగే గర్భచ్యుతిని స్రావమనీ, అయిదారు మాసాలలో జరిగేదానిని పాతమనీ కాలాన్ని బట్టి వేరు చేశాడు. ఇంగ్లీషులో ఒక చిత్రమైన తారుమారు జరిగింది. పాత చట్టాలు మందు మింగించో, సాధనం ప్రయోగించో చేయించినదానిని "మిస్క్యారేజి" అన్నాయి. వైద్యుల పత్రాలలోనేమో తనంతట తాను పోయినదానిని సైతం "అబార్షన్" అని రాసే అలవాటు చాలాకాలం ఉంది. పేర్లు ఇలా కలగలిసిపోవడానికి కారణం లేకపోలేదు. పోవడం మొదలై ఇంకా పూర్తికాని గర్భం ఒకటుంటుంది. అది నిలవదు, అలాగని పూర్తిగా పోనూ లేదు. అప్పుడు వైద్యుడు చేయి వేసి పూర్తిచేస్తే అది ఏ పదం కిందికి వస్తుంది? సవిత కథ అంతా ఈ సందులోనే జరిగింది.

ఇక చట్టాలు. మెకాలే అధ్యక్షతన 1837లో ముసాయిదాగా తయారైన భారత శిక్షాస్మృతి 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. దాని 312వ సెక్షను గర్భస్రావం చేయించినవారికి మూడేళ్ళ వరకు, గర్భస్థ శిశువులో కదలిక తెలిసిన తరువాతైతే ఏడేళ్ళ వరకు శిక్ష విధించింది. ఆ స్త్రీ కూడా శిక్షార్హురాలే. అయితే స్త్రీ ప్రాణాన్ని కాపాడేందుకు సద్బుద్ధితో చేసినదైతే నేరం కాదని ఆ సెక్షనులోనే స్పష్టంగా రాశారు. మరుసటి ఏడు, 1861లో, బ్రిటిషు పార్లమెంటు తన సొంత దేశం కోసం చేసిన చట్టంలో (అప్పటికి ఐర్లండు కూడా ఆ రాజ్యంలో భాగమే) 58వ సెక్షను ఇదే నేరానికి యావజ్జీవ శిక్ష పెట్టింది. అందులో తల్లి ప్రాణానికి మినహాయింపు ఒక్క ముక్క కూడా లేదు. ఉన్నదల్లా ఒక్క క్రియావిశేషణం: "చట్టవిరుద్ధంగా" చేసినవారు శిక్షార్హులు అని. చట్టబద్ధంగా చేయడమనేది ఒకటుంటుందని ఆ పదం సూచిస్తున్నది కాని, అది ఏదో చట్టం చెప్పదు.

ఆ పదానికి వ్యాఖ్యానం రావడానికి 77 ఏళ్ళు పట్టింది. 1938లో లండనులో కొందరు సైనికులు 14 ఏళ్ళ బాలిక మీద అత్యాచారం చేయగా ఆమె గర్భవతి అయింది. అలెక్ బోర్న్ అనే పేరుమోసిన శస్త్రవైద్యుడు ఆమెకు గర్భం తొలగించి, ఆ సంగతి తానే పోలీసులకు తెలియజేసి, విచారణకు నిలబడ్డాడు. 1929లో వచ్చిన మరొక చట్టంలో తల్లి ప్రాణరక్షణకు ఇచ్చిన మినహాయింపును న్యాయమూర్తి మెక్నాటెన్ ఈ పాత క్రియావిశేషణంలోకి అన్వయించి చదివాడు. జ్యూరీకి ఆయన చెప్పిన సారాంశమిది: ప్రాణానికి ప్రమాదం, ఆరోగ్యానికి ప్రమాదం అనే రెంటి మధ్య గీత గీయడం సాధ్యం కాదు; ఆరోగ్యం చెడి చెడి ప్రాణం మీదికి వస్తుంది; ఆ స్త్రీ మృత్యుముఖంలోకి వెళ్ళేదాకా వైద్యుడు చేతులు కట్టుకుని కూర్చోవాలని చట్టం కోరదు. జ్యూరీ బోర్న్‌ను నిర్దోషిగా విడిచిపెట్టింది. 1967లో బ్రిటను కొత్త చట్టం చేసుకునేదాకా అక్కడి వైద్యులకు ఈ తీర్పే అండ.

ఐర్లండు 1922లోనే వేరుపడి స్వతంత్ర రాజ్యమైంది. 1861 నాటి సెక్షన్లను మాత్రం అలాగే ఉంచుకుంది. లండను తీర్పు ఆ దేశపు న్యాయస్థానాలను కట్టిపడవేసేది కాదు. కాథలిక్ సంప్రదాయం బలంగా ఉన్న ఆ దేశంలో, బ్రిటను, అమెరికాలలో వచ్చినట్టు ఏనాడో ఒక తీర్పు ద్వారా గర్భస్రావానికి అనుమతి వస్తుందేమోనన్న భయంతో నిషేధాన్ని రాజ్యాంగంలోకే ఎక్కించాలనే ఉద్యమం లేచింది. 1983 సెప్టెంబరు 7న జరిగిన జనవాక్యసేకరణలో సుమారు 67 శాతం ఓట్లతో ఎనిమిదవ సవరణ నెగ్గింది. పుట్టని శిశువు జీవనహక్కును, తల్లి జీవనహక్కుతో సమానంగా చూస్తూ, రాజ్యం గుర్తిస్తుందని దాని భావం.

సమానం అన్న మాట వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. ఇద్దరి హక్కులూ కలిసి నడిచినంతకాలం చిక్కులేదు. ఒకరి ఉనికి మరొకరికి ప్రాణాంతకమైనప్పుడు వైద్యుడు ఏమి చేయాలి? 1992లో ఆ ప్రశ్న ఐర్లండు సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. మళ్ళీ 14 ఏళ్ళ బాలికే, మళ్ళీ అత్యాచారమే. ఆమె ఆత్మహత్యకు సిద్ధపడుతున్నందున కోర్టు గర్భస్రావానికి అంగీకరించింది. అంగీకరిస్తూ ఒక సూత్రం చెప్పింది: తల్లి "ప్రాణానికి" నిజమైన, గణనీయమైన ప్రమాదం ఉంటేనే అనుమతి, "ఆరోగ్యానికి" ప్రమాదం సరిపోదు. 1938లో లండను న్యాయమూర్తి గీయలేమన్న గీతను 1992లో డబ్లిన్ న్యాయమూర్తులు గీశారు. గీశారు గాని అది ఎక్కడ పడుతుందో, ఎవరు తేల్చాలో, ఏ పద్ధతిలో తేల్చాలో చెప్పే చట్టాన్ని పార్లమెంటు ఇరవై ఏళ్ళు చేయలేదు. 2010 డిసెంబరులో యూరపు మానవహక్కుల న్యాయస్థానం, క్యాన్సరుతో బాధపడిన ఒక స్త్రీ ఫిర్యాదు మీద, తన ప్రాణానికి ప్రమాదముందో లేదో తేల్చుకునే మార్గమే ఆ దేశంలో లేకపోవడం హక్కుల ఉల్లంఘన అని తీర్పు చెప్పింది. అప్పటికీ చట్టం రాలేదు. యావజ్జీవ శిక్ష చెప్పే 1861 సెక్షను మాత్రం వైద్యుల తల మీద అలాగే వేలాడుతున్నది.

ఇక్కడ కొంత వైద్యవిషయం చెప్పక తప్పదు. ఉమ్మనీటి సంచి శిశువుకు ఊయలే కాదు, కోట కూడా. నెలలు నిండకుండా, అందులోనూ పదిహేడు వారాలకు ఆ సంచి పగిలితే శిశువు దక్కే ఆశ దాదాపు లేదు. 22 వారాలకు ముందు పుట్టిన శిశువు ఊపిరితిత్తులు బయటి గాలిని పీల్చుకోలేవు. కోట గోడ కూలినందువల్ల క్రింది నుండి సూక్ష్మజీవులు గర్భసంచిలోకి ఎక్కుతాయి. అక్కడి నుండి రక్తంలోకి చేరితే శరీరమంతా విషప్రాయమవుతుంది. దీనినే వైద్యులు సెప్సిస్ అంటారు. యాంటీబయాటిక్ మందులు ఇస్తారు నిజమే. కాని రోగకారణం లోపల ఉండగా మందులు మాత్రమే ఇవ్వడం ముల్లు తీయకుండా పసరు పూసినట్లవుతుంది. గర్భసంచిని ఖాళీ చేయడమే మూలచికిత్స. ఈ వ్యాధి నడకలో అతి భయంకరమైనది దాని వేగం. ఉదయం సామాన్యమైన జ్వరంగా ఉన్నది సాయంత్రానికి రక్తపోటు పడిపోయి అవయవాలు విఫలమయ్యే దశకు రావచ్చు. ఆరోగ్యప్రమాదం ప్రాణప్రమాదంగా మారిన ఘడియ ఇదీ అని గంట మోగించి చెప్పేవారు ఎవరూ ఉండరు. చట్టం గీసిన గీత కనిపించేసరికి రోగి దానిని దాటి ఉంటుంది.

సవిత విషయంలో జరిగిన క్రమం తరువాతి విచారణలలో రోజువారీగా నమోదైంది. అక్టోబరు 21, ఆదివారం ఆమె నడుం నొప్పితో ఆసుపత్రికి వెళ్ళారు. ఒకసారి ఇంటికి పంపించారు. అదే రోజు మళ్ళీ వస్తే చేర్చుకున్నారు. గర్భం నిలవదని వైద్యులు తేల్చారు. అర్ధరాత్రి దాటాక, అంటే సోమవారం మొదటి గంటలలో, ఉమ్మనీరు పోయింది. బిడ్డ ఎలాగూ దక్కదు గనుక ఈ బాధను త్వరగా ముగించమని ఆమె కోరారు. పిండం గుండె ఇంకా కొట్టుకుంటున్నది, తల్లి ప్రాణానికి ప్రమాదం ప్రస్తుతం కనిపించడం లేదు, కనుక ఈ దేశపు చట్టం ఒప్పుకోదు అని మంగళవారం నాడు ఆమెకు జవాబు వచ్చింది. ఇది కాథలిక్ దేశమని ఒక మంత్రసాని అన్నమాట కూడా విచారణలో నిర్ధారణ అయింది. బుధవారం తెల్లవారుజామున చలి, వణుకు, తీవ్రజ్వరం. మధ్యాహ్నానికి పరిస్థితి విషమించగా వైద్యులు గర్భం తొలగించే నిర్ణయానికి వచ్చారు. ఆ పని మొదలయ్యేలోగానే పిండం గుండె ఆగి, మృతశిశువు దానంతటదే బయటపడింది. అక్కడి నుండి ఆమె ఇంటెన్సివ్ కేర్‌లో ఉండి, ఆదివారం మొదటి గంటలలో మరణించారు. మొదట కోరినది జరిగి ఉంటే సోమ, మంగళవారాలు రెండూ చేతిలో ఉన్న రోజులే.

ఈ మరణానికి చట్టం కారణం కాదు, ఆసుపత్రి అశ్రద్ధే కారణమని వాదించినవారు ఉన్నారు. ఆ వాదాన్ని తోసిపుచ్చలేము, అందులో సత్యముంది. ఆదివారం తీసిన రక్తపరీక్షలో తెల్లకణాలు పెరిగి ఉన్నాయన్న ఫలితాన్ని సకాలంలో పట్టించుకోలేదు. నాడి, ఉష్ణోగ్రత, రక్తపోటు కొలవవలసినన్నిసార్లు కొలవలేదు. జాఫ్నా తమిళ మూలాలు గల ప్రసిద్ధ ప్రసూతివైద్యుడు సబారత్నం అరుళ్‌కుమారన్ అధ్యక్షతన నియమితమైన సంఘం 2013 జూనులో ఇచ్చిన నివేదిక ఈ లోపాలన్నిటినీ ఎత్తిచూపింది. అదే సంవత్సరం ఆరోగ్యసేవల నాణ్యతను పర్యవేక్షించే సంస్థ మరొక నివేదికలో, ఆమెను కాపాడే అవకాశాలు 13 చేజారాయని లెక్కకట్టింది.

కాని అరుళ్‌కుమారన్ సంఘం అంతటితో ఆగలేదు. పిండం గుండె ఆగేవరకు జోక్యం చేసుకోరాదన్న దాని మీదనే దృష్టి అంతా నిలిచిపోయి, తల్లిలో ముదురుతున్న ప్రమాదం మీద నిలవలేదని చెప్పింది. చట్టాన్ని, అవసరమైతే రాజ్యాంగాన్ని సైతం, పునఃపరిశీలించమని శాసనకర్తలను కోరింది. 2013 ఏప్రిలులో గాల్వేలో జరిగిన మరణవిచారణలో డబ్లిన్ జాతీయ ప్రసూతి ఆసుపత్రి మాజీ అధిపతి డాక్టరు పీటర్ బాయ్లన్ ఇచ్చిన సాక్ష్యం ఈ చిక్కుముడిని విప్పి చూపింది. సోమవారమో మంగళవారమో గర్భం తొలగించి ఉంటే ఆమె బతికి ఉండే అవకాశమే ఎక్కువ. కాని ఆ రెండు రోజులలో ఆమె ప్రాణానికి చట్టం కోరినంత ప్రమాదం లేదు గనుక చట్టప్రకారం అది చేయదగిన పని కాదు. ప్రమాదం చట్టం కోరినంత అయ్యేసరికి వేళ మించిపోయింది. ఆయన మాటల తాత్పర్యం ఇంతే. జ్యూరీ దానిని వైద్యపరమైన దుర్ఘటనగా నిర్ణయించింది.

అశ్రద్ధకూ చట్టానికీ ఉన్న సంబంధం ఏమిటో కూడా ఆలోచించాలి. ప్రతి ఆసుపత్రిలోనూ ఎప్పుడో ఒకప్పుడు ఒక పరీక్షాఫలితం మరుగున పడుతుంది, ఒక రాత్రి నాడి చూడడం తప్పిపోతుంది. మూలచికిత్స ముందే జరిగిపోయిన రోగికి ఆ పొరపాటు ప్రాణాంతకం కాదు. చికిత్సను ఆపి, ప్రమాదం వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండమన్నప్పుడు, ఆ కనిపెట్టడంలో జరిగే ప్రతి చిన్న తప్పూ ప్రాణం మీదికి తెస్తుంది. చట్టం వేచి ఉండమన్నది, ఆసుపత్రి సరిగా వేచి ఉండలేదు. ఈ రెండూ కలిసి ఆమెను చంపాయి.

2013లో ఐర్లండు ఒక చట్టం చేసి 1861 నాటి సెక్షన్లను ఎట్టకేలకు రద్దు చేసింది. యావజ్జీవం పోయి 14 ఏళ్ళ శిక్ష వచ్చింది. ప్రాణానికీ ఆరోగ్యానికీ మధ్య గీత అలాగే ఉండిపోయింది. 2014 డిసెంబరులో మరొక సంఘటన జరిగింది. సుమారు 15 వారాల గర్భిణి ఒకామె మెదడు పూర్తిగా పనిచేయడం మానేసి మరణించినట్లు వైద్యులు నిర్ధారించారు. అయినా కడుపులో గుండె కొట్టుకుంటున్నందున, రాజ్యాంగానికి వెరచి, ఆ శరీరాన్ని యంత్రాల మీద మూడు వారాలకు పైగా ఉంచారు. ఆమె తండ్రి హైకోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. శిశువు బతికే అవకాశం లేదని తేల్చి, క్రిస్మస్ మరునాడు న్యాయస్థానం యంత్రాలు తీసివేయడానికి అనుమతించింది. కన్నకూతురి అంత్యక్రియలకు ఒక తండ్రి కోర్టు ఆజ్ఞ తెచ్చుకోవలసి రావడం కన్న కఠినమైన స్థితి ఏముంటుంది?

2018 మే 25న మళ్ళీ జనవాక్యసేకరణ జరిగింది. 66.4 శాతం మంది ఎనిమిదవ సవరణ రద్దుకు ఓటు వేశారు. 35 ఏళ్ళ క్రితం ఆ సవరణను నెగ్గించిన నిష్పత్తి కూడా ఇంచుమించు ఇదే. డబ్లిన్‌లో ఒక గోడ మీద చిత్రించిన సవిత బొమ్మ దగ్గరకు జనం వచ్చి, క్షమించమని కాగితాల మీద రాసి అంటించి వెళ్ళారు. 2019 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన కొత్త చట్టంలో "ప్రాణానికి ప్రమాదం" పక్కన "ఆరోగ్యానికి తీవ్రమైన హాని" అన్న మాట చేరింది. బోర్న్ తీర్పు నాటికి తెలిసిన సంగతి ఐర్లండు చట్టపుస్తకంలోకి చేరడానికి 80 ఏళ్ళు పట్టిందన్నమాట.

మన దేశం ఈ దారిని ముందే నడిచింది. 1860 శిక్షాస్మృతి కూడా "ప్రాణం" ఒక్కదానినే మినహాయించింది. 1964లో ప్రభుత్వం నియమించిన శాంతిలాల్ షా సంఘం సిఫారసుల మీద 1971లో వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టం వచ్చి, 1972 ఏప్రిల్ 1 నుండి అమలైంది. ప్రాణంతో పాటు శారీరక, మానసిక ఆరోగ్యానికి కలిగే తీవ్రమైన హాని కూడా అందులో కారణంగా చేరింది. అయిదవ సెక్షను మరొక మెట్టు ఎక్కింది. స్త్రీ ప్రాణరక్షణకు తక్షణం అవసరమైతే వారాల పరిమితితోను, రెండవ వైద్యుని అభిప్రాయంతోను పని లేకుండా, ఒక్క నమోదిత వైద్యుడు సద్బుద్ధితో నిర్ణయం తీసుకోవచ్చు. 2021 సవరణలో కొన్ని వర్గాల స్త్రీలకు పరిమితి 24 వారాలకు పెరిగింది. మన ఆసుపత్రులలో కొరతలు ఎన్నో ఉన్నాయి. వాటిని కప్పిపుచ్చనవసరం లేదు. కాని సవిత ఆ వారం బెళగావిలో ఉండి ఉంటే, చట్టమనే అడ్డు మాత్రం ఆమెకు ఎదురయ్యేది కాదు.

ఇదంతా గడిచిన చరిత్ర అనుకుని పుస్తకం మూసేయడానికి వీలులేదు. పోలండులో 2020 అక్టోబరు 22న రాజ్యాంగ న్యాయస్థానం, గర్భస్థ శిశువు లోపాల కారణంగా ఇచ్చే అనుమతిని కొట్టివేసింది. తల్లి ప్రాణానికి గాని, ఆరోగ్యానికి గాని ప్రమాదముంటే అనుమతి అలాగే ఉంది. అయినా 2021 సెప్టెంబరులో ప్షినా పట్టణంలో, 22 వారాల గర్భంతో ఉమ్మనీరు పోయిన 30 ఏళ్ళ స్త్రీ, వైద్యులు పిండం గుండె ఆగడం కోసం ఎదురుచూస్తుండగా సెప్సిస్‌తో మరణించింది. అక్కడ "ఆరోగ్యం" అన్న మాట చట్టంలో ఉంది. వైద్యుని చేతిని ఆపినది జైలు భయం. కాబట్టి చట్టంలో ఏ పదమున్నదో చూడడంతో పాటు, తప్పుగా అన్వయించుకున్న వైద్యునికి ఏమవుతుందో కూడా చూడాలి.

అమెరికాలోని టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుండి, పిండం గుండెచప్పుడు వినిపించాక గర్భస్రావం చేసినవారి మీద ఎవరైనా దావా వేయవచ్చన్న చట్టం అమలైంది. ఆ తరువాత డల్లాస్‌లోని రెండు పెద్ద ఆసుపత్రుల వైద్యులు, 22 వారాలలోపు ఇటువంటి చిక్కులతో వచ్చిన 28 మంది స్త్రీల వివరాలను 2022లో ప్రచురించారు. ప్రాణప్రమాదం కనిపించేదాకా వారు సగటున 9 రోజులు ఆగవలసి వచ్చింది. 57 శాతం మంది తీవ్రమైన అనారోగ్యానికి గురయ్యారు. ఇటువంటి నిషేధం లేని రాష్ట్రాలలో వెంటనే చికిత్స పొందినవారిలో అది 33 శాతం. 2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు 1973 నాటి రో తీర్పును రద్దు చేశాక, టెక్సాస్‌లో వైద్యునికి యావజ్జీవ శిక్ష దాకా విధించగల చట్టం అమలులోకి వచ్చింది. స్త్రీలకు జరిగిన కీడు బయటపడి విమర్శలు రేగిన మీదట, 2025లో అక్కడి శాసనసభ ప్రమాదం ఆసన్నమయ్యేదాకా వైద్యుడు ఆగనక్కరలేదని స్పష్టత ఇస్తూ సవరణ చేసింది.

డల్లాస్, హ్యూస్టన్ నగరాలలో మన తెలుగువారు ఎంతమంది ఉన్నారో చదువరులకు చెప్పనవసరం లేదు. వారిలో మన ఆడపిల్లలున్నారు, కోడళ్ళున్నారు. పురిటికి సాయం వెళ్ళే అమ్మలు, అత్తలు పచ్చళ్ళు, కారప్పొడులు సర్దుకున్నట్లే, ఆ రాష్ట్రంలో గర్భిణికి చిక్కు వస్తే ఏ ఆసుపత్రి ఏమి చేయగలదో, ఏమి చేయలేదో వైద్యురాలిని ముందుగానే అడిగి తెలుసుకోవడం మంచిది. నెలలు నిండకుండా ఉమ్మనీరు పోయినా, చలితో జ్వరం వచ్చినా, తెల్లవారనిద్దామని ఆగవద్దు.

మృతగర్భాన్ని వైద్యుడు ముహూర్తకాలమైనా ఉపేక్షించరాదని సుశ్రుతుడు చెప్పాడు. గాల్వేలో గుండె ఇంకా కొట్టుకుంటున్నది కనుక ఆ మాట అక్షరాలా అక్కడికి వర్తించదని పండితులు అనవచ్చు. ఒప్పుకుంటాను. కాని తల్లి శరీరంలో విషం ఎక్కే వేగాన్ని ఆనాటి వైద్యుడు ముహూర్తాలతో కొలిచాడు. చట్టాలు రాసేవారు ఆ కొలతను మరిచిపోకుండా ఉంటే, మరో ఇల్లాలి పేరు ఏ దేశపు విచారణ నివేదికలోకీ ఎక్కనవసరం లేదు.